రెండు వేళ్ళ సందు

ఆవె నది ఒడ్డున ఉన్న ఆ మిల్లు ఊళ్ళో కుర్రాడెవరైనా కారు కొంటే, ఇంట్లో తల్లికి చూపించకముందే కార్ల మేస్త్రి బెల్మీరు షెడ్డుకి తెచ్చి చూపించేవాడు. బెల్మీరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరుకీ పైన మడ్‌గార్డుకీ మధ్య సందులో చెయ్యి పెట్టేవాడు. నాలుగు వేళ్ళూ నిలువుగా దూరితే అది ఫ్యాక్టరీ ఎత్తు. ఆయన దాన్ని రెండు వేళ్ళకి దించేవాడు.

"రెండు వేళ్ళు చాలు," అనేవాడు మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "అంతకంటే దించావా, రోడ్డు వచ్చి నీ వెన్నులో కూర్చుంటుంది."

వచ్చేవన్నీ దాదాపు ఒకే జాతి కార్లు. చూడ్డానికి ఆడవాళ్ళు సంతకి వేసుకెళ్ళే చిన్న కారులాగే ఉంటుంది, వెనక పెద్ద తలుపు, లోపల నలుగురికి చోటు. బానెట్టు కింద మాత్రం దాని ఒంటికి మించిన ఇంజిను. అలాంటి బండిని కాస్త కిందికి దించి, గట్టి స్ప్రింగులు వేసి, సరైన చక్రాలు తొడిగితే కొండ మలుపుల్లో నేలకి అతుక్కున్నట్టు పోతుంది. ఆ ఊరి కుర్రాళ్ళకి వారంలో ఆరు రోజులు మిల్లు, ఏడో రోజు ఆ మలుపులు.

ఎంత దించాలి, ఎంత చక్రం వెయ్యాలి అనేది బెల్మీరు వెంటనే చెప్పేవాడు కాదు. ముందు నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. పనికి ఏ దారిన పోతావు? వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు? ఇంటి ముందు ఎత్తెక్కే దారి ఉందా? ఇదంతా మలుపుల కోసమా, ఫొటోల కోసమా?

అందరూ అబద్ధమే చెప్పేవారు.

"వెనక ఎవరూ కూర్చోరు మేస్త్రీ."

"మరి ఆదివారం మీ అమ్మమ్మని చర్చికి ఎవరు తీసుకెళ్తారు, నేనా?"

"అప్పుడప్పుడూ నేనే..."

"ఆవిడ బరువెంత?"

"మేస్త్రీ!"

"సిగ్గెందుకురా, నాకోసం అడుగుతున్నానా? స్ప్రింగుకి తెలియాలిగా."

చక్రాల దగ్గర ఇంకా గొడవ. ప్రతివాడికీ పద్దెనిమిది అంగుళాలవి కావాలి. చక్రం పెద్దదయ్యేకొద్దీ టైరు పక్కగోడ సన్నబడుతుంది. "పద్దెనిమిది పెడితే నీకు మిగిలే రబ్బరు ఎంతో తెలుసా? బిస్కెట్టు మందం. ఈ ఊరి రాళ్ళ మీద బిస్కెట్టు ఎన్నాళ్ళుంటుందిరా?" అని పదహారు దగ్గర ఆపేవాడు. వినేవాళ్ళు వినేవారు. విననివాళ్ళు బయట ఇంకెక్కడో చేయించుకుని, నెల తిరక్కుండా వచ్చి, "అద్దిరిపోయింది మేస్త్రీ, దూదిలా ఉంది," అనేవారు. బెల్మీరు వాళ్ళని పక్కన కూర్చోబెట్టి తనే ఆ కారుని ఒక చుట్టు తిప్పేవాడు. వెనక సీట్లో కూతురు జసింతా ఉండేది.

"నోరు వినకు తల్లీ, చెయ్యి చూడు," అని ఆమెకి నేర్పాడు. "బండి మెత్తగా ఉంటే మనిషి చెయ్యి ఒళ్ళో ఉంటుంది. గట్టిగా ఉంటే మెల్లిగా పోయి తలుపు మీద పిడి పట్టుకుంటుంది. అలా పోయినట్టు వాడికే తెలియదు."

జసింతాకి ఇరవైనాలుగేళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఆ షెడ్డులోనే ఉంది. పరాయివాళ్ళతో మాట్లాడాలంటే ఆమెకి గొంతు పెగలదు. ఫోను మోగితే ఎత్తుతుంది, "నాన్నగారు బండి కింద ఉన్నారు," అంటుంది, పెట్టేస్తుంది. కుర్రాళ్ళు ఆమెని మూగపిల్ల అనేవారు, పక్కనుండి వింటోందని తెలిసే అనేవారు. ఆమె పని వెనక గోడకున్న అరల దగ్గర. విప్పిన పాత స్ప్రింగుల్ని బెల్మీరు పారెయ్యనిచ్చేవాడు కాదు. "పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, అప్పుడు ఏడుస్తూ వస్తావు వీటికోసం," అనేవాడు. వాటిని తుడిచి, నూనె రాసి, అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో యజమాని పేరు రాసి, దారంతో కట్టి అరలో పెట్టేది జసింతా. ఊళ్ళో సగం మగవాళ్ళ పేర్లు ఆ గోడ మీద ఉండేవి.

ఒక అట్ట మీద మాత్రం ఆడమనిషి పేరుంది. ఇడలీనా. అది ఆమె తల్లి.

ఇడలీనా మిల్లులో నేత విభాగంలో పనిచేసేది. షెడ్డులో ఇప్పుడున్న తెల్ల ఫ్రెంచి కారు ఆమెదే, మూడు తలుపులది, మంచి ఊపున్న ఇంజిను. మిల్లు ఆడవాళ్ళలో అలాంటి బండి నడిపింది ఆమె ఒక్కతే. ఊరందరి కార్లూ దించిన బెల్మీరుని తన కారు మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు. "నా బండి జోలికి రాకు. ఎనిమిది గంటలు మగ్గాల దగ్గర అదిరేది చాలదా నాకు? ఇంటికొచ్చేప్పుడైనా ఒళ్ళు కుదురుగా ఉండనీ," అనేది. వాళ్ళ ఇల్లు కొండ మీద. కింద తారు రోడ్డు చేరాలంటే రెండు కిలోమీటర్లు రాళ్ళు పరిచిన దారి. చిన్నప్పుడు జసింతా ఆ రాళ్ళ మీద ఆ కారు వెనక సీట్లో నిద్రపోయేది. తారు మొదలవగానే మెలకువ వచ్చేది, ఊపు ఆగిపోవడం వల్ల.

జసింతాకి పదిహేనేళ్ళప్పుడు ఒక పొద్దున ఇడలీనా మగ్గం ముందే కూలిపోయింది. మెదడులో నరం చిట్లింది. జసింతా ఆ వారం బడికి వెళ్ళలేదు, మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. నెల తిరిగేలోపు బెల్మీరు ఆ తెల్ల కారుని జాకీల మీదికెత్తాడు. ఒక్క వేలు సందుకి దించాడు. ఉన్నవాటిలోకెల్లా గట్టి షాకబ్జర్లు వేశాడు, పదిహేడు అంగుళాల చక్రాలు తొడిగాడు. తను ఎవరికీ చెయ్యనివన్నీ దానికి చేశాడు. ఆదివారాలు ఒక్కడే కొండెక్కి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆ నాలుగు ప్రశ్నలూ ఆయన్ని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. జసింతాకి అడగాలనిపించింది. అడగలేదు.

ఇప్పుడు బెల్మీరు వెన్నెముకలోకి జబ్బు దిగింది. ఆగస్టులో నడుం నొప్పన్నాడు. అక్టోబరుకి పడుకోలేని స్థితి వచ్చింది. వంటింట్లో కుర్చీలో కూర్చుని, బల్ల మీద తలగడ పెట్టి, దాని మీద తల వాల్చి కునుకు తీసేవాడు. పోర్తో నగరపు ఆసుపత్రిలో డాక్టరు జసింతాతో ఏదీ దాచలేదు. జబ్బు నయం కాదు. కానీ పది రోజులు వరసగా వచ్చి వెన్నుకి రేడియేషన్ పెట్టించుకుంటే నొప్పి తగ్గుతుంది. మిగిలిన రోజులు మంచం మీద పడుకుని నిద్రపోవచ్చు.

"పడుకుంటాడా?" అని అడిగింది జసింతా. ఆమె ఆసుపత్రిలో అడిగిన ప్రశ్న అదొక్కటే.

"పది పూటలూ పూర్తి చేస్తే పడుకుంటాడు. మధ్యలో ఆపితే చెప్పలేను," అన్నాడు డాక్టరు.

మొదటి మూడు రోజులు ఫైర్ స్టేషను వాళ్ళ వ్యాను వచ్చింది. ఆ ఊళ్ళో రోగుల్ని ఆసుపత్రికి తిప్పేది వాళ్ళే. మరో అయిదుగురిని ఎక్కించుకుంటూ, దించుకుంటూ, ఒక పూట పని రోజంతా పట్టేది. మూడో రోజు తిరిగొచ్చాక బెల్మీరు ముఖం గోడకి వేసిన సున్నంలా ఉంది. పడుకోబెట్టి తీసుకెళ్ళే బండి అడుగుదామంది జసింతా.

"పడుకోబెట్టేది ఎక్కడనుకున్నావు? సరిగ్గా వెనక ఇరుసు మీద. బరువులేని వ్యాను వెనక ఇరుసు రాళ్ళ మీద ఎలా ఎగురుతుందో ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను," అన్నాడు.

నాలుగో రోజు తెల్ల కారులో బయల్దేరారు. కనీసం సీటు వెనక్కి వాలుతుంది గదా అనుకున్నారు. రెండు కిలోమీటర్ల రాళ్ళు దిగడానికి జసింతాకి ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతి రాయీ చక్రంలోంచి సీటులోకి, సీటులోంచి ఆయనలోకి వచ్చేది. బెల్మీరు రెండు చేతులతోనూ పిడి పట్టుకుని వేలాడాడు. కింద తారు మొదలయ్యేచోట తలుపు తీసి బయటికి వాంతి చేసుకున్నాడు. ఆ పూట వైద్యం అయింది. అయిదో రోజు, శుక్రవారం, "నేను రాను," అని కుర్చీలోంచి లేవలేదు.

ఆ సాయంత్రం ఆయన్ని ఇంటి పక్కనున్న షెడ్డులో కూర్చోబెట్టాక, బయట అయిదారు కార్లు వచ్చి ఆగాయి. రొట్టెల దుకాణంలో పనిచేసే నెలియో అందరికంటే ముందు లోపలికొచ్చాడు. ముప్ఫై దాటినవాడు, పదిహేనేళ్ళుగా ఆ షెడ్డు చుట్టూ తిరుగుతున్నవాడు.

"నా బండి తీసుకెళ్ళండి మేస్త్రీ. తాళాలు ఇవిగో."

"నీదెంత?" అన్నాడు బెల్మీరు తల ఎత్తకుండా.

"రెండు వేళ్ళు."

"చక్రాలు?"

"పదహారు. మీరే వేశారుగా."

బెల్మీరు వెనకనున్నవాళ్ళ వైపు చూశాడు. "నీది? నీది కూడా నేనే దించాను. ఒరే, నీదైతే నేలకి అంటుకునే ఉంటుంది, దాన్లో ఎలుక కూడా ఎక్కదు."

"ఊళ్ళో మెత్తటి బండి ఒక్కటి మిగల్లేదు మేస్త్రీ," అన్నాడు నెలియో. "అన్నీ మీ చేతి మీదుగానే పోయాయి."

అందరూ నవ్వారు. తరువాత ఎవరూ ఎవరి ముఖం చూడలేదు.

"పాదిరీ గారి కారుంది. సోఫాలా ఉంటుంది," అన్నారెవరో.

"పాదిరీ కారులో నన్ను ఎక్కిస్తే శవం పోతోందనుకుని దారిపొడుగునా జనం టోపీలు తీస్తారురా," అన్నాడు బెల్మీరు. ఆ నవ్వుకి ఆయన నడుం పట్టేసింది. కాసేపు ఊపిరి ఆడలేదు. కుర్రాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

జసింతా వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. పై అరలో ఇడలీనా అని రాసిన అట్ట ఉంది. దాని వెనక ఏమీ లేదు. దుమ్ములో నాలుగు గుండ్రటి గుర్తులున్నాయి.

"నాన్నా, అమ్మ స్ప్రింగులేవి?"

బెల్మీరు చెప్పాడు. "నెలియో అత్తగారి కారుకి పెట్టేశాను. అదే కారు, ఇంజిను మాత్రం చిన్నది. నాలుగేళ్ళ కిందట బండి తనిఖీకి ముందురోజు స్ప్రింగు విరిగింది, ఏడుస్తూ వచ్చాడు. షాకబ్జర్లు కూడా ఇచ్చేశాను."

"అందరికీ దాచుకోమంటావు."

"అంటాను."

"మరి అమ్మవి?"

"అమ్మకి వాటితో ఇంకేం పనిలే అనుకున్నాను తల్లీ."

శనివారం పొద్దున బెల్మీరు నెలియోకి ఫోను చేశాక, జసింతా ఒక్కతే నెలియో అత్తగారు డోనా గ్రసియేతా ఇంటికి వెళ్ళింది. గేటు ముందు నిలబడి ఏమనాలో మనసులో మూడుసార్లు అనుకుంది. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. తలుపు తీసి, ఈమె నోరు తెరవకముందే, "నెలియో చెప్పాడు. తీసుకో," అంది. "బరువైన ఇంజినుకి చేసిన స్ప్రింగులట గదా, అందుకే నా కారు ముక్కు పైకెత్తుకుని నడుస్తుంది, నాలాగే అని మా అల్లుడి వెటకారం. మరి నా కారు దేని మీద నిలబడుతుంది?"

"మావి... మా కారువి... వేస్తాం. కొంచెం కిందికి ఉంటుందమ్మా."

"ఎంత కిందికి?"

జసింతా ఒక వేలు చూపించింది. ముసలావిడ నవ్వింది. "పోనీలే. ఈ వయసులో ఎటు చూసినా కిందికేగా."

ఆ మధ్యాహ్నం చక్రాల సంగతి వచ్చింది. బెల్మీరుని దుప్పటి చుట్టి షెడ్డులో పాత కారు సీటులో కూర్చోబెట్టారు. ముందు పొయ్యిలో మొక్కజొన్న కంకుల బెండ్లు కాలుతున్నాయి.

"పధ్నాలుగు వేస్తాను. చక్రం ఎంత చిన్నదైతే రబ్బరు అంత ఎక్కువ," అంది జసింతా.

"ముందు బ్రేకు చూడు."

ఆమె ముందు చక్రం విప్పింది. బ్రేకు పళ్ళెం పెద్దది. వేగం బండి కదా, దానికి తగ్గ బ్రేకు. పధ్నాలుగు అంగుళాల చక్రం తొడిగితే లోపల తగులుతుంది.

"పదిహేను," అంది. "అమ్మవి అటక మీదున్నాయి. అవైనా ఇచ్చెయ్యలేదుగా?"

"లేదు. టైర్లు ఎండిపోయుంటాయి. కొత్తవి ఏవి తెస్తావు?"

"నువ్వు చెప్పు నాన్నా."

"నేను చెప్పను. చక్రం పదిహేను. ఇప్పుడు రబ్బరు నువ్వు చెప్పు."

తొమ్మిదేళ్ళు విన్నదే. అయినా ఆమె ఒకసారి వేళ్ళ మీద లెక్కేసుకుంది. "వెడల్పు తగ్గించాలి. గోడ పెంచాలి. నూట ఎనభై అయిదు వెడల్పు, అరవై గోడ."

"మలుపులో ఒరుగుతుంది."

"మలుపులో మనకేం పని?"

బెల్మీరు ఆమె వైపు చూశాడు. "స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటుందా?"

"రాసుకోదు. ఎత్తు పెరుగుతోందిగా."

"గాలి?"

"మామూలు కంటే కొంచెం తక్కువ. మరీ తగ్గిస్తే చక్రం రాయికి తగులుతుంది."

"వెళ్ళి తెచ్చుకో," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆమెకి ఆయన సంతోషించాడనిపించింది.

ఆదివారమంతా పని. డోనా గ్రసియేతా కారుని నెలియో తెచ్చి పక్కనే ఎత్తి పెట్టాడు. స్ప్రింగు విప్పడమంటే ముందు దాన్ని రెండు క్లాంపులతో బిగించి నొక్కిపట్టాలి. ఒక్క క్లాంపు జారితే అది ఎగిరి మనిషి దవడ తీసుకుపోతుంది. ఆ పని బెల్మీరు ఎప్పుడూ కూతురిని చెయ్యనివ్వలేదు. ఇప్పుడు సీటులోంచి మెడ చాచి, "అటు అర చుట్టు. ఇప్పుడు ఇటు అర చుట్టు. ముఖం పక్కకి పెట్టు. ముఖం పక్కకి పెట్టమన్నానా!" అని అరుస్తూ ఉన్నాడు. సాయంత్రానికి ఆయన గొంతు పోయింది. ఆమె వేలి కణుపులన్నీ చెక్కుకుపోయాయి. కారు నేల మీదికి దిగాక, ఆమె ముందు చక్రం దగ్గర కూర్చుని సందులో చెయ్యి పెట్టింది.

"ఎంత?" అన్నాడు ఆయన. లేచి చూసే శక్తి లేదు.

"నాలుగు వేళ్ళు. కొంచెం ఎక్కువే."

"మీ అమ్మ ఎత్తు," అన్నాడు బెల్మీరు.

సోమవారం పొద్దున్న సన్నగా వాన. కుడివైపున ఆయన సీటు మీద రెండు తలగడలు వేసింది, ఒకటి నడుం వెనక పెట్టింది. గేటు దాటి రాళ్ళ మీదికి దిగేటప్పుడు ఆమె మొదటి గేరులోనే ఉంచింది. కారు ఒక్కసారి పడవలా ఊగి, సర్దుకుని, మెల్లిగా దిగసాగింది. చిన్నప్పటి ఊపు అది. వెనక సీటుకేసి చూడాలనిపించింది ఆమెకి. రాళ్ళ చప్పుడు దూరం నుంచి వస్తున్నట్టుంది.

"మెత్తగా ఉంది తల్లీ," అన్నాడు బెల్మీరు. "మీ అమ్మకి తెలుసు. నేనే వినలేదు."

జసింతా నోరు వినలేదు. చెయ్యి చూసింది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది. కుడి చెయ్యి కోటు జేబులో. పిడి ఖాళీగా ఊగుతోంది. మలుపు దగ్గర మళ్ళీ చూసింది, వంతెన దగ్గర మళ్ళీ చూసింది. పిడి మీదికి చెయ్యి పోలేదు.

ఆ రోజంతా ఆమెకి ఏదో అయింది. ఆసుపత్రి వసారాలో పక్కనున్న ముసలామెతో తనంతట తాను, "బాగా చలిగా ఉంది కదండీ," అంది. అయిదో పూట అయింది. ఇంకా అయిదు. శనివారం, ఆదివారం పోగా వచ్చే సోమవారానికి పదీ పూర్తవుతాయి. దారిలో ఆగి వేయించిన చెస్ట్‌నట్ గింజలు కొంది. ఇంటికొచ్చి మంచం మీద దుప్పట్లు మార్చింది. ఇంకా వారం ఉందని తెలిసే మార్చింది.

రాత్రి భోజనానికి ఆకుకూర సూపు, మొక్కజొన్న రొట్టె పెట్టింది. బెల్మీరు ఎడమ చేత్తో చెంచా పట్టుకున్నాడు. ఎడమచేత్తో ఎందుకు అని అడిగింది.

"ఊరికే."

రొట్టె అందుకోబోయి మరిచిపోయి కుడి చెయ్యి చాచాడు. దీపం కింద ఆ అరచెయ్యి తెరుచుకుంది. మధ్యలో ఆరు పలకల గుర్తు, గోరంత లోతున, నల్లగా కమిలి ఉంది. రెండు పలకల దగ్గర చర్మం తెగింది. చక్రం బిగించే బోల్టు తల సరిగ్గా ఆ కొలతే ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా ఆమె రోజూ పట్టుకునే కొలత.

ఆమె లేచి వెళ్ళి, మేకుకి తగిలించిన కోటు జేబులో చెయ్యి పెట్టింది. బోల్టు అక్కడే ఉంది. మళ్ళీ జేబులోనే వదిలేసి వచ్చి కూర్చుంది. ఇద్దరూ సూపు తాగారు.

మంగళవారం ఆమె నిద్రలేచేసరికి ఆయన బట్టలు వేసుకుని తయారుగా ఉన్నాడు. బూట్లు తొడుక్కోవడానికి ఎంతసేపు పట్టిందో, ఎప్పుడు మొదలుపెట్టాడో. టోపీ పెట్టుకుని కారు పక్కన గోడ పట్టుకుని నిలబడ్డాడు. కుడి చెయ్యి జేబులో ఉంది.

"పద, ఆలస్యమవుతుంది. నిన్నటిలాగే నెమ్మదిగా పోదాం," అన్నాడు.

జసింతా తలుపు తియ్యలేదు. "నాన్నా, జేబులోంచి చెయ్యి తియ్యి."

ఆయన చెయ్యి ఇంకా లోపలికి దోపాడు.

"నేను చూస్తానని తెలిసే పిడి వదిలి అందులో పెట్టావు."

"నేర్పింది నేనేగా," అన్నాడు బెల్మీరు. నవ్వబోయాడు. "ఇంకా అయిదు పూటలే తల్లీ. బోల్టు గట్టిది."

"నిన్న ఎలా ఉంది? నిజం చెప్పు. ఆ గట్టి స్ప్రింగుల మీద వెళ్ళినప్పటికీ, నిన్నటికీ తేడా ఎంత?"

ఆయన గోడకున్న నాచుని గోటితో గీకాడు.

"బండి మెత్తగానే ఉంది," అన్నాడు. "నువ్వు చేసిన పనికి పేరు పెట్టడానికి లేదు. ఇంత మెత్తటి బండి నేను కూడా చెయ్యలేదు. బండిలో లోపం లేదు తల్లీ."

లోపం బండిలో ఉంటే బాగుండేది. స్ప్రింగుదైతే మార్చేది, టైరుదైతే ఇంకో ఊరు పోయి తెచ్చేది, ఇంకో ఆదివారం పని చేసేది. పదిహేను అంగుళాల కంటే, అరవై గోడ కంటే, నాలుగు వేళ్ళ కంటే చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆయన వెన్ను ఇప్పుడు పరిచిన చాప మీద చీమ నడిచినా అదిరే స్థితికి వచ్చింది. ఆ సంగతి ఆయనకి శనివారం పదిహేను అంగుళాలు, అరవై గోడ అని ఆమె చేత చెప్పించేటప్పుడే తెలుసు. ఆమె చేస్తుంటే ఆపలేకపోయాడు.

"వెళ్ళొద్దు నాన్నా," అంది.

"మరి పడుకోవడం?"

ఆమె చెయ్యి చాచింది. ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. బోల్టు ఆమె చేతిలో పెట్టాడు. అది ఒంటి వేడికి వెచ్చగా ఉంది. ఆయన ముఖంలో ఆ క్షణాన కనిపించినదాన్ని ఆమె ఇంతకుముందు చాలామంది కుర్రాళ్ళ ముఖాల్లో చూసింది. అబద్ధం ఆపెయ్యమని మేస్త్రి భుజం తట్టినప్పుడు వాళ్ళ ముఖాలు అలాగే వదులయ్యేవి. అది చూడకుండా ఉండాల్సిందనిపించింది ఆమెకి.

ఆసుపత్రికి ఫోను చేసింది. అవతల అమ్మాయి మంచిగానే మాట్లాడింది. వారం వరకు చోటు ఉంచుతామంది. వారం అయ్యాక ఆ అమ్మాయే మళ్ళీ ఫోను చేసి, చోటు ఇంకా ఉంచామంది. జసింతా రెండుసార్లూ థాంక్స్ చెప్పింది.

కుర్చీ కూడా కష్టమైన రోజు వచ్చింది. ఏ కోణంలో కూర్చోబెట్టినా మూలిగేవాడు. అప్పుడు ఆయనే అడిగాడు, కారులో కూర్చోబెట్టమని. తెల్ల కారు సీటు కొంచెం వెనక్కి వాల్చి, తలగడలు సర్ది, తలుపు తెరిచి ఉంచి, పొయ్యి దగ్గరికి జరిపింది. నడిచే బండిలో దొరకని కోణం నిలబడ్డ బండిలో దొరికింది. మందు వేసిన తరువాత గంట, ఒక్కోసారి గంటన్నర కళ్ళు మూసుకునేవాడు. అది నిద్రో కాదో ఆమెకి తెలియదు. పగలూ రాత్రీ ఆయన అక్కడే ఉన్నాడు. మంచం మీద మార్చిన దుప్పట్లు అలాగే ఉన్నాయి.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున పక్క ఊరి కుర్రాడెవరో నల్ల కారు వేసుకొచ్చాడు. కొత్తగా కొన్నాడు. మేస్త్రి గురించి ఏమీ తెలియదు.

"దింపాలండీ. బాగా కిందికి. పద్దెనిమిది అంగుళాల చక్రాలు కూడా తెచ్చుకున్నాను. మేస్త్రి గారు లేరా?"

జసింతా చేతిలో పానా ఉంది. మామూలుగా అయితే తండ్రి ఉన్న వైపు చూపించి పక్కకి తప్పుకునేది. ఈసారి కారు దగ్గరికి వెళ్ళి, ముందు చక్రం దగ్గర కూర్చుని, సందులో చెయ్యి పెట్టింది.

"పనికి ఏ దారిన పోతారు?" అంది. గొంతు సన్నగా వచ్చింది.

"తారు రోడ్డేనండీ అంతా."

"వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ లేరండీ. నేనొక్కణ్ణే."

వెనకనుంచి, తెల్ల కారులోంచి, కళ్ళు తెరవకుండానే బెల్మీరు, "అబద్ధం చెబుతున్నాడు," అన్నాడు.

కుర్రాడు ఉలిక్కిపడి అటు తిరిగి చూశాడు. జసింతా కూడా చూసింది. కారు నేల మీద కదలకుండా ఉంది. చక్రాల కింద చెక్కముక్కలున్నాయి, గేరు వేసి ఉంది, చేతి బ్రేకు లాగి ఉంది. ఆయన కుడి చెయ్యి మాత్రం పైకి పోయి తలుపు మీది పిడిని పట్టుకుని ఉంది.